పీలిక కట్టిన వంకాయలు

ఆదోని
16-11-1955

జయన్నకు, మీ బావ దేవేంద్రప్ప రాసేది.

బాగున్నానని రాయడం ఆనవాయితీ కాబట్టి బాగున్నాను. కుడికాలికి మోకాలి కింద నుంచి పాదం దాకా పిండికట్టు వేసినారు. ఆరువారాలు కాలు కింద పెట్టకూడదన్నాడు డాక్టరు. "ఆరువారాలకు మా తోటలో మెంతికూర రెండు కోతలయిపోతాది సామీ" అన్నాను. "మెంతికూర నడిచేది లేదు కదప్పా. నువ్వు నడవల్లంటే పండుకో" అన్నాడు. చదువుకున్నవాళ్ళకు మాటలకు కొదవ లేదు.

వారానికొకసారి కాలు చూపించాలి. అందుకని మా చిన్నమ్మ కొడుకు బసన్న వాళ్ళింటి వెనక గదిలో మీ అక్క గంగమ్మ, నేను ఉంటున్నాము. గదికి ఒకటే కిటికీ. దానిలో నుంచి చూస్తే పత్తిమిల్లు గోడ. పచ్చటిది ఒక్కటీ కనబడదు. ఇక్కడ బజారులో అమ్మే కొత్తిమీర ముక్కు దగ్గర పెట్టుకున్నా వాసన రాదు. దాన్ని కొత్తిమీర అని అమ్మేవాడికీ, కొనేవాడికీ ఇద్దరికీ సిగ్గు లేదు.

గిరక మార్చబోయి బావిగట్టు మీద నుంచి పడినానని ఎమ్మిగనూరంతా నవ్వుకుంటున్నారంట. నవ్వుకోనీ. నవ్వినవాళ్ళను నాలుగు బిందెలు నీళ్ళు గూడా తోడిపొమ్మను.

తోట పని రాస్తున్నాను. ఒకటికి రెండుసార్లు చదువు. చలి మొదలయింది గనక మడులకు ఎండాకాలం మాదిరి నీళ్ళు పెట్టకూడదు. రోజు మార్చి రోజు, అదీ సగం. కొత్తిమీర మడిలో గడ్డి వేళ్ళు కదలకుండా చేత్తో పీకు. మెంతికూర పూత దాకా ఉంచకు. పుండికూర చివర్లు తుంచు, మొదలు పీకకు. కాలువ పక్కన పుదీనా మీద కాలు పెట్టకు. దవనం, మరువం అడిగి వచ్చే పూలవాళ్ళ సంగతి మేరి చూసుకుంటుంది. ఆమె పన్నెండేళ్ళుగా మన తోటలో కలుపు తీసి, మన ఆకు బజారులో అమ్మే మనిషి. ఆమెతో వాదం పెట్టుకోకు. పొద్దున్నే మంచుకు ఆకు తడిగా ఉన్నప్పుడే బూడిద చల్లు. ఎండెక్కినాక చల్లితే గాలికి పోతుంది.

బావి పక్కన ఉన్న ముళ్ళవంగ మా అమ్మ నాటి జాతి. పోయిన ఎండాకాలం బావి అడుగంటినప్పుడు ఆ జాతి మొక్కలన్నీ పోయి అదొక్కటే మిగిలింది. ఎమ్మిగనూరులో ఇంకెవరి దగ్గరా లేదు. దానికి మీ అక్క పాత చీర పీలికలు కట్టిన కాయలు మూడు ఉన్నాయి. వాటి సంగతి నీకు విడమరిచి చెప్పక్కరలేదు. తోట చేసే ఇంట్లో పుట్టినవాడివి, ఏం చేయాలో తెలుసు.

మంచం మీద నుంచి,
దేవేంద్రప్ప


ఎమ్మిగనూరు
20-11-1955

దేవేంద్రప్ప బావకు జయన్న నమస్కారం.

ఉత్తరం అందింది. రెండుసార్లు చదవమన్నావు, మూడుసార్లు చదివినా. ఎట్లా ఉన్నావు జయన్నా అన్న ముక్క యాడన్నా దొరుకుతుందేమోనని. దొరకలేదు.

నువ్వు పడినావని తెలిసిన పూటే పీకిన శనక్కాయలు కళ్ళంలో వదిలి నందవరం నుంచి వచ్చినవాడిని నేను. జొన్నచేను ఉచ్చీరమ్మ ఒక్కతే చూసుకుంటాంది. "మీ అక్క మొగుడు పడితే తోట గూడా పడిందా, నువ్వు పోయి లేపాలా?" అని పెళ్ళాం చేత మాట పడి వచ్చినా. ఇది నీకు తెలిసి ఉండాలని రాస్తున్నా, అంతే.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నా. గిరక నేను మార్చినా. పడలేదు. గడ్డి చేత్తోనే పీకినా. బూడిద పొద్దున్నే మంచుమీద చల్లినా. రెండు గంపల బూడిద పట్టింది. కొత్తిమీర, మెంతికూర, చుక్కకూర, దవనం, మరువం, ఏదీ వదలలేదు. కోతకు వచ్చిన మేరి గంప కింద పడేసి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ఇదేమి అన్యాయమప్పా! దవనమంతా ఇబూది పూసినావు. పూలోల్లు కొంటారా, జంగమోల్లు కొంటారా?" అనింది. మా బావే రాసినాడని ఉత్తరం చూపించినా. "నాకు సదువు రాదని ఏమన్నా సెప్తావు" అని ఆ రోజు ఆకు తీసుకోకుండా వెళ్ళిపోయింది. వాదం పెట్టుకోవద్దన్నావు, పెట్టుకోలేదు. అదంతా ఆమే పెట్టుకుంది.

పీలికల సంగతి నాకు తెలుసు. నువ్వు రాయకపోయినా చేసేవాణ్ణి. కార్తీకం దాటకముందే ఆ పని అయిపోతుంది.

అక్కకు నా నమస్కారాలు చెప్పు. ఆమెనైనా నన్ను అడిగిందని రాయి.

జయన్న


ఆదోని
24-11-1955

జయన్నా,

మీ అక్క నిన్ను అడిగింది. ఇంక తోట సంగతికి వస్తాను.

దవనానికి బూడిద చల్లినవాడిని ఈ భూమ్మీద నిన్ను తప్ప చూడలేదు. బూడిద చిక్కుడుకు గదప్పా! చలికాలం చిక్కుడు తీగకు పేను పడుతుంది, దానికి చల్లుతారు. తినే ఆకు మీద, తలలో పెట్టుకునే ఆకు మీద చల్లుతారా? పూలదండలో కట్టే దవనం అది. మీ నందవరంలో ఆకులు కడుక్కోకుండా తింటారేమో నాకు తెలియదు.

నీళ్ళ సంగతి ఇంకొకటి. బసన్న మొన్న ఎమ్మిగనూరు సంతకు వచ్చి మన కంచె మీదుగా చూసినాడంట. "అన్నా, మీ బామ్మర్ది పొద్దు గుంకినాక నీల్లు కడతాండాడు. మడిలో నీల్లు నిలిసి కొత్తిమీర పచ్చగా లేదు, పసుపుగా ఉండాది" అన్నాడు. చలికాలం సాయంత్రం నీళ్ళు పెడితే తెల్లవార్లూ వేరు చలికి నానుతుంది. పొద్దున ఎండ పడినాక పెట్టాలి. ఇది గూడా రాయాలా? అన్నం కలిపి నోట్లో పెట్టుకోవాలని గూడా రాయాలా?

మంచం మీద పడుకుని ఇవి వింటుంటే కాలికన్నా తలే ఎక్కువ నొప్పి పెడుతోంది. డాక్టరుకు చెప్పినాను. తలకు పిండికట్టు వేయమన్నాను. నవ్వినాడు. అందరికీ నవ్వే.

మేరి తిరిగి వచ్చిందా లేదా రాయి.

దేవేంద్రప్ప


ఎమ్మిగనూరు
30-11-1955

బావకు నమస్కారం.

నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివినా. "బూడిద చల్లు" అని ఉంది. చిక్కుడు అన్న మాట అందులో ఎక్కడా లేదు. కావాలంటే దాచి ఉంచుతా, వచ్చి చూసుకో. పొద్దున నీళ్ళు పెట్టాలని గూడా లేదు. నీ తలలో ఉన్నదంతా ఉత్తరంలో ఉందని నువ్వు అనుకుంటావు. మా అక్క ఇన్నేళ్ళు నీతో ఎట్లా కాపురం చేసిందో నాకు ఇప్పుడు తెలిసింది.

నందవరంలో మాకు ఏటి తడి ఉంది. మా నాయన సాయంత్రమే నీళ్ళు కట్టేవాడు, ఆకు ఆకుగానే ఉండేది. మీ ఎమ్మిగనూరు మన్ను వేరయితే అది నా తప్పా?

ఇప్పుడు పొద్దున్నే కడుతున్నా. ఒక కొత్తిమీర మడి పోయిన మాట నిజం. దాన్ని తవ్వి మళ్ళీ ధనియాలు నలిపి చల్లినా. మిగతా మూడు మడులు తేరుకున్నాయి. బూడిద నీళ్ళతో కడిగేసినా. మేరి తిరిగి వచ్చింది. "ఇబూది పోయిందా? ఇంక కుంకం పెట్టొద్దులే" అనింది. చిక్కుడు పందిరి నిండా పూత ఉంది. దానికి మాత్రం బూడిద చల్లుతున్నా, నువ్వు ఒప్పుకున్నావు గనక.

నిన్న పున్నమి. శనక్కాయలు మండీకి వేసుకుని ఆదోని పోతున్న గోవిందన్న బండిలో ఒక బుట్ట పంపినా. మెంతికూర, పుండికూర, పిడికెడు పుదీనా, అక్క తలలోకి దవనం. అడుగున తడిగుడ్డలో చుట్టి ముళ్ళవంకాయలు మూడూ పెట్టినా. పీలికలు విప్పలేదు, విప్పకూడదు గనక. కార్తీకంలోనే చేరతాయని నాకు తృప్తిగా ఉంది. అందినట్టు రాయి.

జయన్న


(కార్డు)
ఆదోని
3-12-1955

జయన్నకు,

ఆ మూడు కాయలు విత్తనానికి కట్టినవి. పీలిక కట్టిందే ఎవరూ ముట్టుకోకూడదని. చెట్టు మీదే పసుపు తిరిగి మెత్తబడేదాకా ఉండాలి. నాటేదానికి దాచిన గింజ కుండలో పురుగు తినేసింది. ఆ మొక్క మూడేళ్ళది, మళ్ళీ కాపు కాస్తుందన్న నమ్మకం లేదు. మా అమ్మ విత్తనం నీ చేతిలో పోయింది.

పైగా అబద్ధం ఒకటి. బుట్టలో వంకాయలు రాలేదు. మీ అక్కను అడిగితే "ఆకుకూరలు తప్ప ఏం రాలే" అనింది. కోసి తిన్నావో, సంతలో అమ్మినావో నీకే తెలియాలి. తిన్నానంటే ఊరుకునేవాణ్ణి. పంపినానని రాయడం దొంగ చేసే పని.

దేవేంద్రప్ప


ఎమ్మిగనూరు
7-12-1955

దేవేంద్రప్పకు,

బావ అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నన్ను దొంగ అన్నావు. అదీ కార్డు మీద. ఈ వీధి పోస్టుమాను ప్రతి కార్డూ చదువుతాడని నీకు తెలుసు, నువ్వే ఎన్నిసార్లు నవ్వుతూ చెప్పినావు. రోజూ "ఏం జయన్నా, మీ బావ ఇంకా తిడతాండాడా?" అని పలకరించేవాడు మొన్న కార్డు చేతిలో పెట్టి నా మొగం చూడకుండా పోయినాడు.

విను. మా ఇంట్లో చలికాలం తొలి కాపులో మేలైన కాయకు పీలిక కడతారు. కట్టినాక పిల్లాజెల్లా ఎవరూ తుంచరు. ఆ కాయ ఇంటి ఆడబిడ్డది. పెళ్ళయి ఏ ఊర్లో ఉంటే ఆ ఊరికి కార్తీకం దాటకుండా పీలికతోనే పంపుతారు. మా నాయన ఉన్నన్నాళ్ళూ మా అక్కకు అట్లా పంపినాడు. బండి లేకపోతే తానే నడిచి వచ్చి ఇచ్చినాడు. నీ ఇంట్లోనే ఆ కాయలు వండుకుని తిన్నావు. పీలిక ఎందుకుందని ఒక్క పొద్దు అడిగినావా? మా నాయన పోయినాక మా ఇంట్లో తోట ఎండిపోయింది, పంపడానికి ఏం లేకపోయింది. మీ తోటలో అక్క చీర పీలికలు కట్టిన కాయలు చూసి, ఎవరూ పంపక తానే కట్టుకుందేమోనని నాకు తల తీసేసినట్టయింది. నీ ఉత్తరంలో "ఏం చేయాలో తెలుసు" అని ఉంది. నాకు తెలిసిందే చేసినా. విత్తనం అన్న మాట రాయడానికి నీకు సిరా చాలలేదా?

గోవిందన్న నిన్న బండి తోలుకుని వచ్చినాడు. నిలబెట్టి అడిగినా. "యాడ పోతాయన్నా? బుట్ట గంగమ్మక్క సేతికే ఇచ్చినా. గుడ్డ విప్పి జూసింది. కాయలు మూడూ, పీలికలు మూడూ. నా ఎద్దుల మీద ఒట్టు" అన్నాడు. గోవిందన్న ఎద్దుల మీద ఒట్టు పెట్టి అబద్ధం చెప్పడు. మా అక్క పుట్టి బుద్ధెరిగినాక అబద్ధం చెప్పలేదు. నేను చెప్పలేదు. ఇంక వంకాయలనే అడగాలి.

విత్తనం పోయినందుకు నాకు బాధ ఉంది. అది వేరే సంగతి. ఎవరిదో అమ్మ చేతి విత్తనం నా చేతిలో పోవాలని నేను కోరుకోలేదు. కానీ దొంగనని పిలిపించుకుని నీ మడులకు నీళ్ళు కట్టాల్సిన పని నాకు లేదు. ఆదివారం దాకా ఉంటా. ఆపైన తాళంచెవి మేరికి ఇచ్చి నా ఊరికి పోతా. నా జొన్నచేనుకు పిట్టలు దిగినాయని ఉచ్చీరమ్మ కబురు పంపింది.

నందవరం జయన్న


ఆదోని
12-12-1955

జయన్నకు, బావ దేవేంద్రప్ప.

ఇది కవరులో రాస్తున్నాను. ఎందుకో నీకు తెలుస్తుంది.

నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించినాను. పొయ్యి ఊదుకుంటూ విన్నది, కళ్ళు తుడుచుకుంది. పొగకేమోననుకున్నాను. మరునాడు పొద్దున మంచం కోడు మీదుగా చీమల బారు కనబడింది. నాకు వేరే పని లేదు గనక ఎటు పోతున్నాయో చూస్తూ పడుకున్నాను. మంచం కిందికి పోతున్నాయి. చేతికర్రతో లాగితే పాత చేట ఒకటి వచ్చింది. దాంట్లో బూడిదలో కలిపి ఆరబెట్టిన వంగగింజలు. పక్కన మూడు పీలికలు, ఉతికి మడిచి ఉన్నాయి.

పిలిచి అడిగినాను. నేను అరిచిన మాటలు రాయను. బసన్న భార్య వచ్చి తలుపు దగ్గర నిలబడింది, అంత అరిచినాను. మీ అక్క కూర్చుని చేటలో గింజలు సర్దుతూ ఇట్లా చెప్పింది.

"బుట్ట ఇప్పంగానే తెలిసింది. అయి ఇత్తనానికి కట్టింది నేనే గదా. మా తమ్ముడు వాటిని ఎందుకు పంపినాడో గూడా తెలిసింది. నీకు సెప్తే ఆ పొద్దే వాన్ని తోటలో నుంచి తరుముతావు. కాలు ఇరిగి పండుకున్నోనివి, నీల్లు నీ తాత కడతాడా? ఎట్లాగూ కోసేసినాడు, చెట్టుకు అతికించేదానికి అయితాదా? పండిన కాడికి గింజ తీసినా. నువ్వు ఇంత మాట రాసినావని నాకు యాడ తెలుసు? వాని జాబు గానీ, నీ కార్డు గానీ నాకు సదివి ఇనిపించినావా?"

వినిపించలేదు. అది నిజం.

మూడు కాయల్లో రెండే కోసిందంట. మూడోది ఏదని అడిగినాను. "తిన్నా" అనింది. నేను డాక్టరు దగ్గరికి పోయిన పూట ఒక్కతే వండుకుని తినింది. నాకు ఒక్క ముక్క గూడా ఉంచలేదు. అంత ముదురుకాయ గొంతులో ఎట్లా దిగిందో! "అదొకటి లేతగా ఉండింది, గింజ కట్టలేదు. గింజ ఉంటే తిందునా? మా నాయన పోయి తొమ్మిదేండ్లాయె. పీలిక కాయ నా గడపకు వచ్చి తొమ్మిదేండ్లాయె" అని, లేచి నీళ్ళకు పోయింది.

ఆ పీలిక కాయలు తొమ్మిదేళ్ళ కిందట నేనూ తిన్నాను. మీ నాయన మంచి వంకాయలు తెస్తాడనుకున్నాను. అంతకు మించి అడగలేదు. మీ ఇంటివాళ్ళు ఎవరూ నోరు విప్పి చెప్పలేదు గూడా. నేను చెప్పలేదని నన్నంటావు. మీరు మాత్రం చెప్పినారా?

గింజలు నీళ్ళలో వేసి చూసినాను. తేలినవే ఎక్కువ. మునిగినవి ముప్పై ఏడు. అవి మొలుస్తాయో లేదో చలి తగ్గి నారు పోసినాక గాని తెలియదు. గోవిందన్న చేతికి ఇచ్చి పంపుతున్నాను. ఎలుకలకు అందకుండా ఉట్టి మీద పెట్టు.

దొంగ అని రాసింది నేను. రాయకూడదు.

నువ్వు పోకుండా ఉంటే, ఆ ముసలి మొక్క మళ్ళీ పూత పెట్టిందేమో చూడు. పిందె నిలిస్తే రెండు పీలికలు కట్టు. తెల్ల పీలిక విత్తనానికి. ఎర్ర పీలిక మీ అక్కకు. ఎర్ర పీలిక కాయ లేతగా ఉన్నప్పుడే కోసి పంపు. ఈసారి అంతా విడమరిచి రాసినాను, ఇంకేమన్నా మిగిలితే అడుగు.

నువ్వు పోయి ఉంటే ఈ ఉత్తరం మేరి దగ్గరే ఉంటుంది. ఆమెకు చదువు రాదు.

దేవేంద్రప్ప


ఎమ్మిగనూరు
17-12-1955

బావకు,

తిట్టింది కార్డు మీద, తప్పయిందన్నది కవరులో. ఇది ఏం న్యాయం? అందుకని పోస్టుమాను కవరు ఇవ్వంగానే పోనీకుండా నిలబెట్టి, "దొంగ అని రాసింది నేను. రాయకూడదు" అన్న ముక్క చదివి వినిపించినా. మేరి గూడా ఉంది. ఆమె "ఇంగోసారి సదువు" అనింది. ఇంకోసారి చదివినా. పోస్టుమాను "కార్డు మీదనే రాసుంటే నీకు ఈ శ్రమ తప్పేది" అని పోయినాడు.

నేను పోలేదు. నీ ఉత్తరం చూసి ఆగినానని అనుకోవద్దు, అది వచ్చేటప్పటికే ఆదివారం దాటింది. శనివారం చిక్కుడు పందిరికి ఒక మూల పేను కనబడింది. దాన్ని అట్లా వదిలి తాళం వేస్తే నాకు నందవరంలో అన్నం దిగదు. ఉచ్చీరమ్మకు కబురు పెట్టినా. "పిట్టలకు చేను వదిలి పేలను కాపలా కాస్తాండావా?" అని అడిగి పంపింది.

అక్క మీద నాకు కోపంగా ఉంది. అక్కకు చెప్పు. నా తరఫున ఒక్క మాట పలికి ఉంటే నేను వీధిలో తల దించుకునేవాణ్ణి కాదు. తమ్ముణ్ణి కాపాడడానికి తమ్ముణ్ణే దొంగను చేసింది. కాయ ఎట్లా ఉండిందో మాత్రం అడిగి రాయి.

గింజలు అందినాయి. ఉట్టి మీద పెట్టినా. నేను లెక్కపెడితే ముప్పై ఆరే. గోవిందన్న మీద అనుమానం పెట్టుకోవద్దు, ఎద్దులు పాపం. చలి తగ్గేదాకా ముట్టుకోను. కొత్తిమీర మళ్ళీ మొలిచింది. మెంతికూర రెండో కోతకు వచ్చింది. పొద్దున్నే నీళ్ళు కడుతున్నా. మంచు మోకాళ్ళ దాకా తడుపుతోంది. చలికి చేతులు పగిలినాయి. ఇది నీకు తెలిసి ఉండాలని రాస్తున్నా.

ముసలి ముళ్ళవంగ పూత పెట్టింది. నాలుగు రాలి రెండు నిలిచినాయి. రెండూ గోలీ అంత పిందెలు. తెల్లది విత్తనానికి, ఎర్రది అక్కకు అన్నావు. నీ ఇల్లంతా వెతికినా ఎర్రగుడ్డ లేదు. రెండిటికీ నా పాత పంచె చింపి కట్టినా. రెండూ తెల్లవే.

ఏది దేనికో నాకు తెలుసు. నీకు తెలియాలంటే నడిచి వచ్చి అడుగు.

జయన్న